ప్రభుత్వ సీసం

కొలిమిగూడ బోరింగును మూసెయ్యమని ప్రమీల రాసిన ఉత్తరానికి ఇరవై మూడో రోజున జవాబు వచ్చింది.

బోరింగుకు సన్మానం చేస్తారట.

ప్రమీల ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. 'విషయం: కొలిమిగూడ చేతిపంపు – విశిష్ట సేవలు – గుర్తింపు – గురించి' అని పైన స్పష్టంగానే ఉంది. కింద నీటి శాఖ డైరెక్టరు పట్టాభిరామారావు గారి సంతకం, పచ్చ సిరాతో.

ప్రమీల జిల్లా నీటి పరీక్షా కేంద్రంలో కాంట్రాక్టు కెమిస్టు. ఊరూరి నీళ్లు సీసాల్లో వస్తాయి, ఆమె పరీక్షించి పంపుతుంది. ఆరేళ్లలో ఆమె పంపిన రిపోర్టుల్లో ఏ ఒక్కటీ ఎవరూ చదివిన దాఖలా లేదు. చదివిన మొదటి రిపోర్టు ఇదే. చదివి ఈ పని చేశారు.

కొలిమిగూడ టౌనుకు ఆనుకునే ఉంటుంది. నాలుగు వందల పన్నెండు మంది జనం, ఒక్క బోరింగు. పూర్వం అక్కడొక రేకుల షెడ్డులో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాళ్లు. షెడ్డాయన ఊరొదిలి వెళ్లిపోయాడు గానీ బూడిదను వెంట తీసుకెళ్లలేదు. ఏటేటా వానలు దాన్ని మెల్లగా నేలలోకి దించాయి. మంచినీళ్ల పైపు మెయిన్ రోడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. కొలిమిగూడ ఏ వార్డు మ్యాపులోనూ లేదు కాబట్టి, లేని చోటికి పైపు వెయ్యడం నిబంధనలకు విరుద్ధం.

ఎనిమిదేళ్లుగా అందరూ ఆ బోరింగు నీళ్లే తాగుతున్నారు.

ప్రమీల అక్కడికి వెళ్లింది బాలవ్వ వల్ల. బాలవ్వ ఒకరోజు బిందె చంకన పెట్టుకుని సరాసరి ల్యాబులోకి వచ్చేసింది. ఆమె మనవరాలు రవళి నాలుగో తరగతి. పోయినేడు పన్నెండో ఎక్కం దాకా గడగడా చెప్పిన పిల్ల, ఈ ఏడు ఐదో ఎక్కం దగ్గరే తడుముకుంటోంది. పొద్దస్తమానం కడుపునొప్పి అంటుంది, బడిలో బల్ల మీదే నిద్రపోతుంది.

"పంతులు మొద్దు అంటుండు బిడ్డా. మొద్దు పిల్ల కాదు. గీ నీళ్లల్ల ఏమన్న ఉన్నదేమో జూడు."

ఉంది. పరిమితికి పద్నాలుగు రెట్ల సీసం.

చూసింది కొత్తగా వచ్చిన కాగితప్పట్టీతో. శాఖవారు దానికి 'వర్ణజ్యోతి' అని పేరు పెట్టారు. దాని మీద నీటిచుక్క వేసి నీలి దీపం కింద పెడితే, సీసం ఉన్న నీళ్లకు ఆకుపచ్చగా వెలుగుతుంది. మరీ ఎక్కువుంటే దీపం కూడా అక్కర్లేదు, పగటి వెలుతురులోనే పట్టీ గులాబీ రంగుకు తిరుగుతుంది. సీసం లేకపోతే ఏమీ జరగదు.

ఆ ఏమీ జరగకపోవడం దగ్గరే చిక్కొచ్చింది.

వర్ణజ్యోతి ప్రారంభోత్సవం పెద్ద హాల్లో పెట్టారు. మామూలుగా వెలిగించే దీపం బదులు మంత్రిగారు నీలి దీపం కింద పట్టీ పెట్టి సభను ప్రారంభించాలని డైరెక్టరు గారి ఆలోచన. పదకొండు పెద్ద చెరువుల నుంచి నీళ్లు తెప్పించారు. హాల్లో లైట్లన్నీ ఆర్పారు. మంత్రిగారు మొదటి పట్టీ పెట్టారు, వెలగలేదు. రెండోది వెలగలేదు. పదకొండూ అయిపోయాయి. చీకట్లో ఎనిమిది వందల మంది దగ్గుతూ కూర్చున్నారు. వెలగకపోవడమే మంచిదని డైరెక్టరు చెవిలో చెప్పబోయారు గానీ, తన చేత వెలగనిది ఏదైనా మంచిదని మంత్రిగారికి అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఆయన మొహం చీకట్లో కూడా కనిపించింది.

అప్పుడు ఎవరో పెట్టె అడుగున పన్నెండో సీసా చూశారు. రెండోసారి పరీక్ష కోసం ప్రమీల పంపిన కొలిమిగూడ నీళ్లు.

పట్టీ లేత వరిమడిలా పచ్చగా వెలిగింది. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ఫొటోగ్రాఫర్లు ముందుకు తోసుకొచ్చారు. ఇవి ఎక్కడి నీళ్లని మంత్రిగారు అడిగారు. కొలిమిగూడవని చెప్పారు.

"మంచి నీళ్లు," అన్నారు మంత్రిగారు.

ఆ రెండు మాటలూ మినిట్స్‌లోకి ఎక్కాయి.

*

సన్మానం పగలు పదకొండు గంటలకు జరిగింది. బోరింగు చేతికి శాలువా కప్పారు. మెడలాంటి చోట దండ వేశారు. డైరెక్టరు పట్టాభిరామారావు మైకు ముందుకొచ్చి, ఎనిమిది సంవత్సరములుగా ఎటువంటి ప్రచారమునూ ఆశించక, నిరంతరాయముగా, ఏకరీతి ప్రమాణముతో సీసమును అందించుచున్న ఈ చేతిపంపును రాష్ట్ర ప్రామాణిక సీసజల వనరుగా ఇందుమూలముగా ప్రకటిస్తున్నామని చెప్పారు. ఇకపై ప్రతి జిల్లా తన పట్టీలు సరిగ్గా వెలుగుతున్నాయో లేదో ఈ నీళ్లతోనే సరిచూసుకోవాలి.

జనం వెనకాల నిలబడి చూశారు. సభ అయ్యాక బాలవ్వ శాలువా కాస్త పక్కకు జరిపి బిందె నింపుకుంది. వేరే నీళ్లు లేవు మరి.

ప్రమీల డైరెక్టరు గారి కారు దాకా పరుగెత్తింది. పట్టీలు సరిచూడడానికి బోరింగే అక్కర్లేదని, సీసం కలిపిన ద్రావణం ఏ కెమికల్ షాపులోనైనా చిన్న సీసాలో దొరుకుతుందని, ఈ నీళ్లు పిల్లలు తాగుతున్నారని ఒక్క ఊపిరిలో చెప్పింది.

పట్టాభిరామారావు ఓపికగా విన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఎవరి మీదా గట్టిగా అరిచి ఎరుగరు.

"చూడమ్మా, షాపులో దొరికేది కృత్రిమం. మనది సహజం. సహజ వనరు చేతిలో ఉండగా కృత్రిమము వైపు మొగ్గుట విధాన నిర్ణయమునకు విరుద్ధం."

"పిల్లలు సార్?"

"పిల్లల విషయం వేరే శాఖ," అన్నారాయన, జాలిగా.

ఆ తర్వాత జిల్లాల నుంచి ట్యాంకర్లు రావడం మొదలైంది. బోరింగు చుట్టూ గ్రానైటు అరుగు కట్టారు. 'వెలుగుల గంగ' అని బోర్డు పెట్టారు. వారానికో బడి పిల్లలు బస్సుల్లో వచ్చి, ఆకుపచ్చ వెలుగు చూసి నోళ్లు తెరిచి వెళ్లేవాళ్లు. వాళ్ల టీచర్లు వాళ్లను ఒక్క చుక్క కూడా ముట్టనిచ్చేవాళ్లు కాదు. ఆ పక్కనే కొలిమిగూడ పిల్లలు దోసిళ్లు పట్టి తాగుతుంటే, వాళ్లకు అలవాటేలే అనుకునేవాళ్లు.

రవళిని ప్రమీల తనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి రక్తం పరీక్ష చేయించింది. డాక్టరు కాగితం చూసి కళ్లజోడు తీశాడు. ముందు ఆ నీళ్లు మాన్పించాలి, తర్వాత ఒంట్లో చేరిన సీసాన్ని ఒంటేలుతో బయటికి లాగే మందు వాడాలి అన్నాడు. మందు పైనుంచి రావాలట. ఒక్క పిల్లకు ఇండెంటు పెడితే రాదు, శాఖాపరంగా అడగాలి. ఆలస్యమయ్యే కొద్దీ, బయటికి లాగినా తిరిగి రానివి కొన్ని ఉంటాయని కూడా చెప్పాడు.

"ఎన్నాళ్లు ఆగొచ్చు?"

"ఆగొచ్చని నేను అనలేదు," అన్నాడు డాక్టరు.

*

జూలైలో గట్టి వానలు పడ్డాయి. భూమిలో నీళ్లు పెరిగి సీసం పలచబడింది. పద్నాలుగు రెట్లు కాస్తా తొమ్మిదికి దిగింది. ప్రమీల ఆరోజు ల్యాబులో ఒక్కతే కూర్చుని టీ తెప్పించుకుని తాగింది.

మూడో రోజు ఆమెకు మెమో వచ్చింది. రాష్ట్ర ప్రామాణిక వనరు యొక్క నాణ్యత ముప్పై ఆరు శాతము పడిపోవుటకు గల కారణములు ఏవి, సదరు క్షీణతకు తమపై ఎందుకు చర్య తీసుకొనరాదు, వారం రోజులలో సంజాయిషీ ఇవ్వవలెను.

నాలుగు జిల్లాల నుంచి అప్పటికే ఫిర్యాదులు వచ్చాయట. వెలుగు మందగించింది, సందర్శకులు పెదవి విరుస్తున్నారు. డైరెక్టరు గారు నాణ్యతా పునరుద్ధరణ కమిటీ వేశారు. కమిటీ ఇరవై నిమిషాలు కూర్చుని ఒక సిఫారసు చేసింది. షెడ్డాయన పక్క జిల్లాలో ఉన్నట్టు తెలిసింది కనుక, ఆయనను సాంకేతిక సలహాదారుగా సగౌరవముగా ఆహ్వానించి, బ్యాటరీ కొలిమిని అదే స్థలములో తిరిగి వెలిగించవలెను.

ఫైలు వచ్చే సోమవారం సంతకానికి వెళుతుంది.

ప్రమీల మెమో పట్టుకుని ఖాదర్ సాబ్ దగ్గరికి వెళ్లింది. ఖాదర్ మొహియుద్దీన్ శాఖ ఆఫీసులో సూపరింటెండెంటు, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. డైరెక్టరు గారి బల్ల మీదికి వెళ్లే ప్రతి కాగితం ఆయన చేతి మీదుగానే పోవాలి. ఆయన మెమో చదివి, పాన్ నోట్లో ఒక పక్కకు సర్దుకున్నాడు.

"ప్రమీలమ్మా, నువ్వు ఇప్పటికి ఎన్ని నోట్లు రాసినవ్?"

"పదిహేడు సాబ్."

"అన్నీ నేనే పంపిన. అన్నిట్ల ప్రజలు, పిల్లలు, ఆరోగ్యం. ఆ మాటలు కనవడితే మన సారు కిందికి చూడడు, వేరే శాఖకు బదిలీ అని రాస్తడు. ఆయన చదివే మాటలు వేరే ఉన్నయ్ తల్లీ. ప్రభుత్వ ఆస్తి అని రాయి. దుర్వినియోగం అని రాయి. రాసి సూడు, కుర్చీలకెళ్లి లేస్తడు."

"ఎవరు దుర్వినియోగం చేస్తున్నారని రాయాలి?"

ఖాదర్ సాబ్ ఆమె వంక ఒక్క క్షణం చూశాడు. "రోజూ బిందెలు పట్టుకపోయేది ఎవరు?"

ప్రమీలకు అర్థం కావడానికి మెట్లు దిగేంతసేపు పట్టింది. చివరి మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ పైకెక్కింది.

ఆమె రాసిన సంజాయిషీ నాలుగు వాక్యాలు. రాష్ట్ర ప్రామాణిక సీసజలము రోజుకు ఎనిమిది వేల లీటర్ల చొప్పున అనధికార వ్యక్తులచే అపహరణకు గురగుచున్నది. సదరు వ్యక్తులు దానిని తాగుటకు, వంటకు, అంట్లు తోముటకు సైతము వినియోగించుచున్నారు. నాణ్యత క్షీణించుటకు ఈ అపహరణయే కారణమై ఉండవచ్చును. వీరిని వనరు నుండి మళ్లించుటకు ప్రత్యామ్నాయముగా నాసిరకపు నీరు, అనగా సీసము ఏమాత్రము లేని నీరు, సరఫరా చేయవచ్చునేమో పరిశీలించగలరు.

పట్టాభిరామారావు నిజంగానే కుర్చీలోంచి లేచారు.

"అంట్లు తోముతున్నారా?" అన్నారు. 

కొలిమి ఫైలు పక్కకు వెళ్లింది. వనరు సంరక్షణ ఫైలు ముందుకొచ్చింది. ఎనిమిదేళ్లుగా మ్యాపులో లేని కొలిమిగూడ ఒక్క పూటలో మ్యాపులోకి వచ్చింది, 'దురాక్రమణ ముప్పు గల ప్రాంతం' అనే పేరుతో. మెయిన్ రోడ్డు దగ్గర ఆగిన పైపు కదిలింది. పదకొండు రోజుల్లో ఇంటింటికీ నల్లా వచ్చింది. బోరింగు చుట్టూ ఇనుప కంచె, దాని ముందు తుపాకీతో కానిస్టేబులు.

ఒక్క చిక్కు మాత్రం ప్రమీల ఊహించనిది. దొంగలన్నందుకు కొలిమిగూడ భగ్గుమంది. బాలవ్వ ఆమె ఇంటికే వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, గడప అవతలే నిలబడింది.

"నీళ్ల దొంగలమని రాసినవంట. నువ్వేనంట గదా. నీ చెయ్యి ఎట్ల ఆడింది బిడ్డా?"

ప్రమీల సంజాయిషీ నకలు తెచ్చి చదివి వినిపించింది. నాలుగో వాక్యం దగ్గర బాలవ్వ మళ్లీ చదవమంది. మళ్లీ చదివింది. బాలవ్వ అప్పుడు చెప్పులు విప్పి లోపలికొచ్చి కూర్చుంది. 

"అయితే మేం ఆ నీళ్లే గావాలని ఎంత మొత్తుకుంటే, వాళ్లు గా మంచి నీళ్లు అంత గట్టిగ ఇస్తరన్నట్టు."

"అవును బాలవ్వా."

"ముందుగాల్నే జెప్పద్దా మరి."

మర్నాటి నుంచి కంచె ముందు టెంటు వెలిసింది. 'మా సీసం మాకే' అని అట్టల మీద రాసుకుని ఆడవాళ్లు వంతులవారీగా కూర్చున్నారు. నల్లా నీళ్లు తాగుతూ బోరింగు నీళ్ల కోసం నినాదాలిచ్చారు. శాఖ ఏమాత్రం తలొగ్గలేదు. నల్లా గంట వదిలేది రెండు గంటలు వదిలారు.

*

నీళ్లు మారాయి. రవళి ఒంట్లో ఉన్నది మాత్రం అక్కడే ఉంది. పిల్ల ఇంకా బల్ల మీద నిద్రపోతూనే ఉంది. శాఖాపరంగా మందు అడగాలన్న డాక్టరు మాట ప్రమీలను వదల్లేదు. ఏ శాఖ అడుగుతుంది? పిల్లల విషయం వేరే శాఖ, ఆ వేరే శాఖ మ్యాపులో కొలిమిగూడ ఇప్పటికీ లేదు.

పద్దెనిమిదో నోటు ఆ సంజాయిషీయే, రెండు వారాల క్రితమే రాసింది. పంతొమ్మిదోది రాయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. కాగితం మీద పెన్ను పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. ఒక పిల్ల గురించి అలా రాయడం కష్టం. ఎదురుగా కూర్చున్న ఖాదర్ సాబ్ టీ చల్లారిపోయింది. చివరికి ఇలా వచ్చింది: గడచిన ఎనిమిది సంవత్సరములలో అపహరింపబడిన ప్రభుత్వ సీసము పూర్తిగా వినియోగింపబడలేదు. అందలి గణనీయ భాగము నాలుగు వందల పన్నెండు మంది వ్యక్తుల రక్తములోను, ఎముకలలోను నిల్వ ఉన్నది. సదరు ఆస్తిని స్వాధీనపరచుకొనుటకు వైద్య విధానము కలదు.

పట్టాభిరామారావు రెండు రోజులు ఆ కాగితాన్ని ఇంటికి కూడా తీసుకెళ్లారు. మూడో రోజు ప్రమీలను పిలిపించారు.

"ఎముకలలో దాచుకున్నారా?"

"అవును సార్."

"పసిపిల్లలు కూడానా?"

"వాళ్ల దగ్గరే ఎక్కువ ఉంది సార్."

ఆయన కిటికీ వైపు తిరిగి నిట్టూర్చారు. "సమాజం ఎటు పోతోందమ్మా," అన్నారు. ఆ వెంటనే స్టెనోను పిలిచారు.

ప్రభుత్వ సీస స్వాధీన కార్యక్రమం తర్వాతి సోమవారమే మొదలైంది. శాఖాపరంగా అడిగేసరికి మందు తొమ్మిది రోజుల్లో పెట్టెలు పెట్టెలుగా దిగింది. బడిలో శిబిరం పెట్టారు, డాక్టర్లు వచ్చారు, ప్రతి ఒక్కరికీ రక్తపరీక్ష చేశారు. ఇంటింటికీ నోటీసు వెళ్లింది. రవళికి వచ్చిన నోటీసులో, కుమారి రవళి, వయస్సు తొమ్మిది, తన శరీరమునందు అక్రమముగా కలిగియున్న ప్రభుత్వ సీసమును తక్షణము అప్పగించవలెనని, అప్పగింత కాలములో ప్రభుత్వ ఖర్చుతో పాలు, గుడ్డు, ఇనుము మాత్రలు ఇవ్వబడునని ఉంది. పాలు, గుడ్డు వాక్యం ఖాదర్ సాబ్ కలిపింది. అప్పగించు వ్యక్తి బలహీనముగా ఉన్నచో ఆస్తికి నష్టము వాటిల్లవచ్చునని ఆయన కారణం కూడా రాశాడు.

స్వాధీనమైన ఆస్తిని లెక్కించాలి కదా. రోజూ పిల్లల ఒంటేలు పేరు రాసిన సీసాల్లో ల్యాబుకు వచ్చేది. ప్రమీల ఒక్కో చుక్క పట్టీ మీద వేసి నీలి దీపం కింద పెట్టేది. మొదటి వారం రవళి పట్టీకి దీపమే అక్కర్లేకపోయింది, పట్టపగలు గులాబీ రంగుకు తిరిగింది. ప్రమీల దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడిపోయింది. తర్వాత రిజిస్టర్లో 'అప్పగింత తృప్తికరం' అని రాసింది.

వారాలు గడిచే కొద్దీ రంగు పోయింది. తర్వాత వెలుగు తగ్గింది. మందు ఆపి, రెండు వారాలు ఆగి, మళ్లీ ఇచ్చి చూశారు. నాలుగో విడతలో నీలి దీపం కింద పట్టీ పెడితే తెల్లగా, మామూలు కాగితంలా ఉండిపోయింది.

ఏమీ జరగలేదు. ప్రమీల ఇంకో పట్టీ తీసి మళ్లీ చూసింది. మళ్లీ ఏమీ జరగలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని కళ్లు తుడుచుకుంది.

డైరెక్టరు గారు స్వయంగా వచ్చి బడిలో ధ్రువపత్రాలు పంచారు. కుమారి రవళి వద్ద ప్రభుత్వమునకు చెందిన సీసము ఏదియు మిగిలి లేదని ధ్రువీకరించడమైనది. పచ్చ సిరా సంతకం, గుండ్రటి ముద్ర. ఇట్టి నిజాయితీని ఇతర గ్రామములు ఆదర్శముగా తీసుకొనవలెనని ఆయన కోరారు. స్వాధీనమైన ఒంటేలు మూడు వందల క్యానులు స్టోరు రూములో సీలు వేసి ఉన్నాయి, దానికి ఇద్దరు కాపలా.

సభ అయ్యాక ఖాదర్ సాబ్ ఫైలు పట్టుకుని ప్రమీల దగ్గరికి వచ్చాడు. మూసెయ్యాలంటే చివరి గడి నింపాలి. 'స్వాధీనము కానిది ఏదైనా ఉన్నచో వివరములు.'

"నిల్ అని రాయి, దస్కత్ పెట్టు. అయిపాయె."

వరండాలో బాలవ్వ ధ్రువపత్రాన్ని మడత పడకుండా రెండు చేతులా పట్టుకుని ఉంది. పక్కన రవళి పన్నెండో ఎక్కం చెబుతోంది. పన్నెండార్లు డెబ్బై రెండు దాకా గడగడా వచ్చింది. పన్నెండేడ్లు దగ్గర ఆగింది. బాలవ్వ అందించబోయి నోరు మూసుకుంది. పిల్ల పెదాలు కదుపుతూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఒక చెయ్యి అయిపోయింది, రెండోది అయిపోయింది, మళ్లీ మొదటిది. ప్రమీల పెన్ను పైకెత్తి అలాగే పట్టుకుంది.

"ఎనభై నాలుగు," అంది రవళి.

"సరిగ్గ జెప్పింది గదా," అన్నాడు ఖాదర్ సాబ్.

"పోయినేడైతే ఆగేది కాదట సాబ్."

 ప్రమీల ఆ గడిలో 'కొంత ఉన్నది. ప్రతి ఆరు నెలలకు పరీక్ష, పాలు, గుడ్డు కొనసాగించవలెను. ఫైలు మూయరాదు' అని రాసి సంతకం పెట్టింది. ఆయన ఫైలు తీసుకుని, జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి, డైరెక్టరు గారి కంటబడేలా పైన పెద్దక్షరాలతో ఇంకో మాట చేర్చాడు.

ప్రభుత్వ ఆస్తి.